నాగగొలుగుకు వామనావతారం

తెలుగు సాహిత్యంలో బోన్సాయ్ అన్న మాట ఒక చెట్టును కాక ఒక నిందను సూచించే స్థితికి వచ్చి చాలా కాలమైంది. అబ్బూరి ఛాయాదేవి గారి ‘బోన్‌సాయ్ బ్రతుకు’ కథ తెలియని కథాభిమానులు అరుదు. చెల్లెలి ఇంట్లో కుండీలలోని చెట్లను చూసి అక్క ఆడదాని బ్రతుకును తలచుకొన్న ఆ కథ తరువాత, ఆ పోలిక మన కవులకు ఉమ్మడి ఆస్తి అయింది. కుండీ, కత్తెర, తీగ ఈ మూడూ ఒక కవితలో కనిపించాయంటే తరువాతి పంక్తిలో స్త్రీయో, బాల్యమో, మాతృభాషో రాబోతున్నదని పాఠకుడు ముందే గ్రహిస్తాడు.

ఆ కథతో నాకు పేచీ లేదు. అది చెట్టును గురించిన కథ కాదు, ఎదగనివ్వని ఇళ్ళను గురించిన కథ. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. నా పేచీ అంతా ఆ తరువాత జరిగిన దానితో. ఉపమానం మనిషికి అతికింది కనుక ఉపమానంగా వాడుకొన్న చెట్టు మీద కూడా తీర్పు వెలువడిపోయిందని మనం అనుకోవటం మొదలుపెట్టాము. ఓరుగల్లులో మిద్దెల మీద చెట్లు పెంచుకొనేవారిలో సాహిత్యం చదివేవారు సైతం బోన్సాయ్ అనగానే “పాపం” అంటారు. చదవనివారు “వాస్తుకు మంచిది కాదు, ఇంట్లోవాళ్ళ ఎదుగుదల ఆగిపోతుంది” అంటారు. దారులు వేరైనా ఇద్దరూ చేరే చోటు ఒక్కటే. ఈ రెండు మాటలకూ ఒక చెట్టును సాక్షిగా పెట్టి జవాబు చెప్పాలని ఈ టపా. ఆ చెట్టు నాగగొలుగు.

పేరు వినగానే చాలామందికి గుర్తుకు రాకపోవచ్చు. ఏ నర్సరీకి వెళ్ళి నాగగొలుగు కావాలన్నా “అట్లాంటిది లేదు సార్” అంటారు. ‘మురయా’ అనో ‘కామిని’ అనో అడిగితే క్షణంలో తెచ్చి ముందు పెడతారు. ఇంగ్లీషులో దీనికి ‘మాక్ ఆరెంజ్’ అని పేరు, అనగా ఉత్తుత్తి నారింజ. శాస్త్రీయనామం మురయా పానిక్యులాటా. తెల్లని అయిదు రేకుల పువ్వు నారింజ పూవులా పరిమళిస్తుంది. కాయ మాత్రం చిన్న రేగుపండంత కూడా ఉండదు, పండితే ఎర్రబడుతుంది. నిమ్మ, మారేడు, వెలగ, కరివేపాకు అన్నీ ఈ కుటుంబానివే. ఆకును వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు, ఈ కుటుంబపు ముద్ర. మన తూర్పు కనుమల అడవులలో సహజంగా పెరిగే చెట్టును మనమే పరాయి పేరుతో కొనుక్కొంటున్నాము.

పేరు పోవటం వల్ల నష్టం కేవలం భాషకు కాదు, చెట్టుకు కూడా. ‘మాక్ ఆరెంజ్’ అన్న పేరు ఇంగ్లీషులో కనీసం మూడు వేర్వేరు చెట్లకు ఉన్నది. ఫిలడెల్ఫస్ అనే చలిదేశపు పొద ఒకటి, అది శీతాకాలంలో ఆకు రాలుస్తుంది. పిట్టోస్పోరమ్ అనే తూర్పు ఆసియా పొద ఇంకొకటి. మనది మూడవది. అంతర్జాలంలో ఆ పేరుతో వెతికి, చలిదేశపు పొదకు చెప్పిన సలహాను చదివి, శీతాకాలం మొక్క నిద్రపోతుందని నీరు తగ్గించి, నాగగొలుగును ఎండబెట్టుకొనే ప్రమాదం ఉన్నది. సొంత పేరు ఉంటే ఆ అయోమయం ఉండదు. తెలుగు పేర్లను కాపాడుకోవటం అలంకారం కోసం కాదని చెప్పటానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తోచదు.

శాస్త్రీయనామాలకు కూడా ఒక చిన్న తెలుగు కథ ఉన్నది. లిన్నేయస్ శిష్యుడైన మరే అనే వృక్షశాస్త్రజ్ఞుని పేరు మీద మురయా ప్రజాతి ఏర్పడింది. నాగగొలుగుకు వరుసకు అక్కలాంటిదైన కరివేపాకు పేరులో ఉన్నది లిన్నేయస్‌కే మరొక శిష్యుడైన కోనిగ్. ఆ కోనిగ్ తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి, దక్షిణాది మొక్కలను సేకరిస్తూ తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్ను మూశాడు. అప్పుడు సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ ఆయనకు చివరి దినాలలో తోడుగా నిలిచాడు. ఎక్కడో స్వీడన్‌లో పెట్టిన పేర్ల వెనుక మన తీరపు మట్టి ఉన్నదన్నమాట. ఆ పేర్లను నేర్చుకోవటంలో తప్పు లేదు, మన పేరును మరచిపోవటంలోనే ఉన్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. బోన్సాయ్ అంటే చెట్టును ఆకలితో మాడ్చి కుదించటం అన్నది అందరూ నమ్మే మాట, అందులో నిజం లేదు. లోతు తక్కువ కుండీలో ఉన్న చెట్టుకు నేలలోని చెట్టు కన్నా ఎక్కువ శ్రద్ధతో ఎరువు వేయాలి, లేకపోతే అది బ్రతకదు. వేళ్ళను కత్తిరించేది చెట్టును బలహీనపరచటానికి కాదు. కుండీ నిండా చుట్టుకుపోయిన ముదురు వేళ్ళను తీసి, నీరు పీల్చే లేత వేళ్ళకు చోటు కల్పించటానికి. రెండు మూడేళ్ళకొకసారి ఆ పని చేయని కుండీ మొక్కే నిజానికి ఊపిరాడక చస్తుంది. బోన్సాయ్ వద్దనుకొనేవారి ఇళ్ళలోనే సిమెంటు తొట్టిలో పదేళ్ళుగా మట్టి మార్చని క్రోటన్లు కనిపిస్తాయి. దయ ఎక్కడ ఉన్నదో ఒకసారి సరిపోల్చి చూడవలసిందిగా మనవి.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో ఒక జపాను తెల్ల పైన్ ఉన్నది. 1625 నుంచి కుండీలో పెరుగుతున్న చెట్టు అది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు ఆ నగరంలోనే యమాకి కుటుంబం వారి తోటలో ఉన్నది, గోడ చాటున బ్రతికి బయటపడింది. 1976లో ఆ కుటుంబం దానిని తమ నగరం మీద బాంబు వేసిన దేశానికే కానుకగా ఇచ్చింది. ఆ చెట్టు హిరోషిమాను చూసిన చెట్టు అని వాషింగ్టన్ వారికి తెలిసింది 2001లో, ఆ ఇంటి మనుమలు వచ్చి చెప్పినప్పుడు. నాలుగు వందల ఏళ్ళు ఒక కుండీలో చెట్టు బ్రతికిందంటే ఎన్ని తరాల మనుషులు ప్రతి ఉదయం దానికి నీళ్ళు పోసి ఉండాలి! అణచివేత అంత ఓర్పుగా, అంత కాలం, చేతులు మారుతూ సాగదు. దానిని వేరే మాటతో పిలవాలి.

అయితే బోన్సాయ్ పేరిట జరిగేదంతా మంచిదని కూడా నేను అనను. మన ఊరి నర్సరీలకు కడియం వైపు నుంచి లారీలలో వచ్చే మొక్కలలో, ఉబ్బిన దుంపలాంటి వేళ్ళతో, పైన నాలుగు అంటుకొమ్మలతో, పింగాణీ కుండీలో ‘బోన్సాయ్’ అని చీటీ కట్టిన ఫైకస్‌లు కనిపిస్తాయి. అది ఒక వస్తువు, చెట్టు రూపు కాదు. కొన్నవారికి దాని గతమూ తెలియదు, భవిష్యత్తు మీద ఆసక్తీ ఉండదు. ఏసీ గదిలో బల్ల మీద రెండు నెలలు ఉంచి, ఆకు రాలగానే పారవేస్తారు. బోన్సాయ్ క్రూరమన్న మాట ఎక్కడైనా నిజమైతే ఇక్కడే.

నాగగొలుగు ఓరుగల్లుకు తగిన చెట్టు అనటానికి నా వద్ద నాలుగు కారణాలున్నాయి. మొదటిది, ఇది మన ఎండను ఎరిగిన చెట్టు. రెండవది, కత్తిరించిన కొద్దీ ఆకు చిన్నదవుతుంది, కొమ్మ గుబురవుతుంది. మూడవది, బెరడు. లేత గోధుమరంగు, మీగడ రంగు కలిసి, వయసు వచ్చిన కొద్దీ నరాలు తేలిన ముసలి చేతిలా అవుతుంది. లోపలి కలప పసుపు ఛాయలో గట్టిగా ఉంటుంది, పనిముట్ల పిడులకు, చేతికర్రలకు పనికివచ్చేంత గట్టిది. నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇది పూస్తుంది. జానెడు చెట్టైనా నిండుగా పూస్తుంది. కొన్నాళ్ళు ఎండి, ఒక మంచి వాన పడిందంటే కొద్ది రోజులలోనే చెట్టంతా తెల్లబడుతుంది. దక్షిణ చైనావారు దీనిని తొమ్మిది మైళ్ళ పరిమళం అని అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఎదుగుదల ఆగిపోయిన చెట్టు పూయదు. ఎవరి ఎదుగుదల ఆగిందో ఆ పరిమళమే చెబుతుంది.

ఆ దక్షిణ చైనాలోనే, కాంటన్ పరిసరాలలో, లింగ్నాన్ సంప్రదాయమని ఒకటి రూపు దిద్దుకొన్నది. మనం జపాను పద్ధతిని మాత్రమే బోన్సాయ్ అనుకొని, కొమ్మ కొమ్మకూ అల్యూమినియం తీగ చుట్టటమే విద్య అనుకొంటాము. నాగగొలుగుకు అది అంతగా నప్పదు. ముదిరిన కొమ్మ వంచితే విరుగుతుంది, లేత బెరడు మీద తీగ గాటు ఏళ్ళ తరబడి మాసిపోదు. లింగ్నాన్ వారి పద్ధతి వేరు. ఒక రెమ్మను స్వేచ్ఛగా పెరగనిస్తారు. అది కావలసినంత లావెక్కిన తరువాత ఒకటి రెండు కణుపులు ఉంచి కోస్తారు. ఏ దిక్కుకు చూసే మొగ్గను ఉంచారో ఆ దిక్కుకే కొత్త రెమ్మ వస్తుంది. దానినీ పెరగనిచ్చి మళ్ళీ కోస్తారు. ఇలా ఏళ్ళు గడిచే సరికి కొమ్మ మొదట లావుగా, చివర సన్నగా, వంపు వంపుకూ కోణం తిరిగి, గాలికీ ఎండకూ ఎదురొడ్డిన ముసలి చెట్టు కొమ్మలా తయారవుతుంది. ఈ పద్ధతిలో పెంచటం ముందు, కోయటం తరువాత. ఎదగనిచ్చిన దానికే కత్తెర. నాకు ఈ మార్గం మీద మక్కువ అందుకే.

ఈ విధానానికి తొందర పనికిరాదు. మాను లావు కావాలంటే మొదటి కొన్నేళ్ళు నేలలోనో, పెద్ద తొట్టిలోనో ఉండాలి. పళ్ళెంలాంటి కుండీలోకి వెళ్ళిన తరువాత మాను పెద్దగా లావెక్కదు. పొదుపుగా చెప్పాలంటే, బోన్సాయ్ కుండీ చెట్టు బడి కాదు, బడి ముగిసిన తరువాతి ఇల్లు. ఎర్రమట్టిని ముద్దగా నింపితే వేరు కుళ్ళుతుంది. జల్లెడ పట్టిన మొరం, ఇటుక ముక్కలు, కొద్దిగా మాగిన పశువుల ఎరువు కలిపితే నీరు నిలవక పారుతుంది. వేళ్ళు కోయటానికి, కుండీ మార్చటానికి మాఘ ఫాల్గుణాలు గానీ, తొలకరి గానీ అనుకూలం. పూత రెమ్మ కొసన వస్తుంది కనుక, నిత్యం చిగుళ్ళు గిల్లేవారికి పచ్చని గుండు మిగులుతుంది గానీ పువ్వు దక్కదు. శిశిరంలో గట్టిగా కోసి, వేసవి చివరి నుంచి వదిలివేసి, వానల పూత అయిన తరువాత పైపైన సర్దితే రూపమూ నిలుస్తుంది, పువ్వూ నిలుస్తుంది.

రెండు జాగ్రత్తలు. మన బోరు నీటిలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఆకు పసుపుపచ్చబడి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే చెట్టుకు ఇనుము అందటం లేదని అర్థం. వాన నీరు పట్టి పోయటం అన్నిటికన్నా చవకైన మందు. రెండవది, నిమ్మ జాతికి పచ్చతెగులు మోసుకువచ్చే సిల్లిడ్ పురుగుకు నాగగొలుగు చిగురు ఎంతో ఇష్టం. ఫ్లోరిడాలో 2005లో ఆ తెగులు బయటపడిన తరువాత అక్కడి నారింజ తోటలు ఎంతగా దెబ్బతిన్నాయో లోకానికి తెలుసు. పక్కనే నల్లగొండ బత్తాయి తోటలున్న ప్రాంతం మనది. చిగురు ముడతపడితే చూస్తూ ఊరుకోరాదు, వేపనూనె చల్లి ఆ చిగుళ్ళను తీసివేయాలి. మన ముచ్చట ఇంకొకరి పంటకు చేటు కాకూడదు.

మరి చెట్టును ఎక్కడి నుంచి తేవాలి? నా అభిప్రాయంలో ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబుతోనే బోన్సాయ్ ధర్మమో అధర్మమో తేలుతుంది. లావు మాను కోసం అడవికి వెళ్ళేవారున్నారు. పాకాల, ఏటూరునాగారం అడవులు అభయారణ్యాలు. అక్కడ ఒక మొక్కను పెకలించటం చట్టం దృష్టిలోనే నేరం. చట్టం లేకపోయినా, రాతిసందున యాభై ఏళ్ళు నిలబడిన చెట్టును తెచ్చి నెలలో చంపటం కళ కాదు.

దానికి అక్కర కూడా లేదు. హనుమకొండలో పాత పెంకుటిళ్ళు, ఆవరణ ఉన్న ఇళ్ళు ఒక్కొక్కటిగా అపార్టుమెంట్లు అవుతున్నాయి. ఆ ఇళ్ళ ముందు కంచెగా నాటిన మురయా వరుసలకు ముప్పై నలభై ఏళ్ళ వయసు ఉంటుంది. ఏటేటా కత్తెర వేసిన కంచె కనుక మాను పొట్టిగా, లావుగా, మెలికలు తిరిగి ఉంటుంది. జేసీబీ వచ్చిన రోజున అవి మట్టితో సహా ట్రాక్టరెక్కి చెరువు గట్టుకు చేరుతాయి. వారం ముందు ఇంటివారిని అడిగితే కాదనేవారు అరుదు. మోకాలెత్తున కోసి, చుట్టూ గాడి తవ్వి, వేళ్ళ ముద్దను తడి గోనెసంచిలో చుట్టి తెచ్చి, నీడపట్టున పెద్ద తొట్టిలో పెడితే, తొలకరి చల్లదనంలో బ్రతికే అవకాశం ఎక్కువ. ఏడాదిపాటు ముట్టకుండా వదిలివేయాలి. చావవలసిన చెట్టుకు కుండీ చెర కాదు, ఆశ్రయం. ఆ కంచెను నాటిన ఇల్లు ఇప్పుడు ఎక్కడా ఉండదు. దాని వాకిట్లో పూసిన పువ్వు మాత్రం మరొక మిద్దె మీద పూస్తూ ఉంటుంది.

రూపం విషయంలోనూ నాది ఒక పట్టుదల. నాగగొలుగును జపాను పైన్‌లా మలచటంలో నాకు అర్థం కనిపించదు. మంచు బరువుకు కొమ్మలు కిందికి వాలిన చెట్టు రూపం అది. ఓరుగల్లులో మంచు ఏనాడు పడింది? మన కంటికి చెట్టు అంటే ఊరి చివర చింత, రచ్చబండ మీది రావి, గొడుగు పట్టిన వేప. పద్మాక్షి గుట్ట వైపు వెళ్ళి చూడండి, నల్లరాతి పగుళ్ళలో పిడికెడు మట్టితో, తరతరాల ఎండతో, మొండిగా నిలిచిన చెట్లు ఉంటాయి. అవి ప్రకృతి తానే పెంచిన వామనవృక్షాలు. ఎవరూ వాటికి తీగ చుట్టలేదు, వాటిని చూసి ఎవరూ జాలిపడరు. పైగా ఎంత గట్టి ప్రాణమో అని మెచ్చుకొంటారు. రాయి చేసిన పనిని మనిషి ఓర్పుగా, నీళ్ళు పోస్తూ చేస్తే అది పాపం ఎట్లా అవుతుంది?

మన దేశంలో బోన్సాయ్‌ని కొందరు వామనవృక్షకళ అంటారు. ఈ పేరు మన నేలకు మరింత తగినది. వామన చరిత్రను తెనిగించిన పోతన బమ్మెర వాడు, అనగా మన ఉమ్మడి జిల్లా వాడేనని మనం గర్వంగా చెప్పుకొంటాము. ఆ కథలో వామనుడు పొట్టివాడు కావటం అసలు విషయం కాదు, ఆ పొట్టి దేహంలో ముల్లోకాలూ ఇమడటం అసలు విషయం. మంచి వామనవృక్షం కూడా చూసేవారికి చిన్నదిగా కాక, దూరాన ఉన్న మహావృక్షంగా కనిపించాలి. ఎదుగుదల ఆగిపోతుందని భయపడే వాస్తు పండితులకు నా జవాబు ఇదే. వామనుడు అడుగుపెట్టిన ఇల్లు ఎదుగుదల లేని ఇల్లు అని ఏ పురాణమూ చెప్పలేదు. బలి చక్రవర్తికి జరిగినది వేరే సంగతి, అది దానం గురించి!

కానీ ఛాయాదేవి గారి కథ అడిగిన ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది, దానిని తప్పించుకొని పోను. కుండీలోని చెట్టు తన నీటిని తాను వెతుక్కోలేదు. పూర్తిగా పెంచేవారి మీద ఆధారపడి ఉంటుంది. మనిషిని అలా ఉంచితే అది అన్యాయమే, ఎంత ప్రేమగా ఉంచినా అన్యాయమే. ఎందుకంటే మనిషి తన నీటిని తాను వెతుక్కోగలడు, వెతుక్కోవాలని కోరుకొంటాడు. చెట్టుకు ఆ కోరిక ఉన్నదో లేదో మనం చెప్పలేము గానీ, దాహం ఉన్నదని చెప్పగలము. అంచేత ఆ ఆధారపడటాన్ని సృష్టించినవారికి ఒక బాధ్యత పడుతుంది. మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. లోతులేని కుండీకి ఆ దినాలలో రెండు పూటలా నీరు కావాలి. ఒక పూట పెళ్ళికి వెళ్ళి వచ్చే లోపల ముప్పై ఏళ్ళ చెట్టు ఎండిపోవచ్చు. కోతులు కుండీని దొర్లించిపోవచ్చు. కాబట్టి నా నియమం ఒక్కటే. వేసవిలో తాను లేని రోజున నీరు పోసే మరొక మనిషి ఎవరో ముందుగా తేల్చుకోనివారు బోన్సాయ్ మొదలుపెట్టకూడదు. నీరు పోసే మనిషి ఉన్నచోట అది కళ, లేనిచోట ఆ కథలోని అక్క మాటే నిజం.

మిత్రులలో కవులు ఎక్కువ కనుక చివరిగా ఒక విన్నపం. ఇకమీదట కవితలో బోన్సాయ్‌ని తెచ్చేటప్పుడు ఒక్క చెట్టునైనా దగ్గరగా చూసి తీసుకురండి. దాని పేరేమిటో కనుక్కోండి. అది పూసిందో లేదో చూడండి. అప్పటికీ అది అణచివేతగానే కనిపిస్తే తప్పక అట్లాగే వ్రాయండి, నాకు అభ్యంతరం లేదు. మీ వీధిలో ఏదైనా పాత ఇల్లు కూలబోతున్నదని తెలిస్తే మాత్రం, గేటు పక్కన తెల్లని పూల కంచె ఉన్నదేమో ఒకసారి తొంగి చూడండి. ఉంటే దాని పేరు నాగగొలుగు. తొలకరి దాకా ఆగమని ఇంటివారిని అడగండి.